గదికి బదులు గది

మొన్నామధ్య ఫ్రీమాంట్‌లో ఒక స్నేహితుడింట్లో భోజనాల దగ్గర మాట శాన్‌ఫ్రాన్సిస్కో మీదికి మళ్లింది. అందరం పెరుగన్నంలో ఉన్నాం. "టెండర్‌లాయిన్ పేటలో ఆ పాత హోటళ్లున్నాయి చూడు, అగ్గిపెట్టెల్లాంటి గదులు, అంతస్తుకి రెండు బాత్రూములు. వాటన్నిటినీ పడగొట్టి శుభ్రంగా అపార్ట్‌మెంట్లు కడితే సగం దరిద్రం పోతుంది. పడగొట్టడానికి చట్టం ఒప్పుకోదట. ఇదేం చట్టంరా?" అన్నాడు ఆ స్నేహితుడు. మనసున్నవాడే. ఏటా థాంక్స్‌గివింగ్ రోజు పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లి ఇల్లు లేనివాళ్లకు వడ్డించి వస్తాడు. నేను "అంత తేలిక కాదులే" అని ఊరుకున్నాను.

అలా ఊరుకున్నందుకు వారం రోజులుగా మనసు పీకుతోంది. ఆ చట్టం గురించి నాకు తెలుసు. ఆ గది గురించి అంతకంటే బాగా తెలుసు. 2009లో అలాంటి గదిలో ఏడు వారాలున్నాను. ఆ భోజనాల బల్ల దగ్గర కూర్చున్నవాళ్లలో మా ఆవిడకు తప్ప ఆ సంగతి ఎవరికీ తెలియదు. అక్కడ చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను.

27వ రోజు

ప్రాజెక్టు పోయింది. ఇంకో ప్రాజెక్టు లేకుండా బెంచ్ మీద రెండు నెలలు దాటాక కన్సల్టెన్సీ వాళ్లు గెస్ట్‌హౌస్ ఖాళీ చేయమన్నారు, కొత్త బ్యాచ్ వస్తోందన్నారు. అపార్ట్‌మెంట్ అంటే మొదటి నెల అద్దె, డిపాజిట్, క్రెడిట్ హిస్టరీ, పే స్టబ్ (జీతం చీటీ). నా దగ్గర నాలుగూ లేవు. ఎవరో చెప్తే టెండర్‌లాయిన్‌లో ఒక పాత హోటల్‌కి వెళ్లాను. వారానికి 190 డాలర్లు, ముందే కట్టాలి. వాళ్లు అడిగింది ఒక ఐడీ కార్డు, అంతే.

గదిలో ఒక మంచం, గోడకి చిన్న సింక్, ఒక కుర్చీ, గాలి వచ్చే కిటికీ. మంచానికీ గోడకీ మధ్య నా సూట్‌కేసు పెడితే నడవడానికి చోటుండేది కాదు. బాత్రూమ్ వసారా చివర. కౌంటర్ వెనక గుజరాతీ కుటుంబం. పక్క గదిలో ఒక పెద్దాయన, ఓడల్లో వంటవాడిగా పనిచేసి రిటైరయినవాడు. 19 ఏళ్లుగా అదే గది. ఆయన తలుపు తెరిస్తే ఉల్లిపాయలు వేగిన వాసన వచ్చేది. హాట్ ప్లేటు పెట్టుకోకూడదని నియమం. మేనేజర్‌కి తెలుసు, తెలియనట్టు ఉండేవాడు.

27వ రోజు పొద్దున మేనేజర్ వచ్చి, సామానంతా తీసుకుని ఒక రాత్రి బయట ఎక్కడైనా ఉండి రమ్మన్నాడు, మర్నాడు వేరే గది ఇస్తానన్నాడు. శుభ్రం చేయాలేమో అనుకున్నాను. ఆ రాత్రి మిల్పిటాస్‌లో ఒక క్లాస్‌మేట్ సోఫా మీద పడుకుని, పొద్దున్నే సూట్‌కేసు లాక్కుంటూ తిరిగొచ్చాను. ఓడ వంటాయన మెట్ల మీద కనబడి, "ఇంకో మూడు రోజులుంటే నువ్వు అద్దెదారువి అయిపోయేవాడివి, అందుకే తిప్పారు" అన్నాడు. కాలిఫోర్నియాలో హోటల్ గదిలోనైనా 30 రోజులు వరసగా ఉంటే మనిషికి అద్దెదారు హక్కులు వస్తాయి. ఆ తర్వాత కోర్టుకి వెళ్లకుండా ఖాళీ చేయించడం కుదరదు. ఆ హక్కు రానివ్వకుండా మనిషిని గదులు మార్పించడం రాష్ట్ర చట్టం ప్రకారం తప్పు. అదేదీ నాకు తెలియదు. వీసా కాగితాల భయంలో ఉన్నవాడికి ఎవరితోనైనా పేచీ పెట్టుకోవాలన్న ఆలోచన కూడా రాదు.

ఆ మేనేజర్ మీద నాకిప్పుడు కోపం లేదు. కానీ ఒకటి ఆ రోజే అర్థమైంది. గదంటే నాలుగు గోడలు, ఒక మంచం మాత్రమే కాదు. రేపు పొద్దున కూడా ఇక్కడే లేస్తానన్న ధీమా. ఆ ధీమాని మనిషికిచ్చేది చట్టం.

ఆ రాత్రి ఆ గదిలో ఎవరు పడుకున్నారు?

ఈ గదుల్ని పడగొట్టనివ్వని చట్టం శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎందుకు పుట్టిందో తెలియాలంటే 1977 ఆగస్టు 4 తెల్లవారుజాముకి వెళ్లాలి. కియర్నీ స్ట్రీట్, జాక్సన్ స్ట్రీట్ కలిసే మూల మీద ఇంటర్నేషనల్ హోటల్ ఉండేది. ఉన్నవాళ్లలో ఎక్కువమంది ముసలి ఫిలిప్పీనోలు. వయసంతా తోటల్లో, చేపల ఫ్యాక్టరీల్లో, హోటళ్ల వంటిళ్లలో ఖర్చుపెట్టినవాళ్లు. చాలాకాలం శ్వేతజాతి స్త్రీలను పెళ్లి చేసుకోకూడదన్న చట్టాల వల్ల పెళ్లీ పిల్లలూ లేకుండా ఉండిపోయినవాళ్లు. పడగొట్టాలని యజమానులు తొమ్మిదేళ్లు ప్రయత్నించారు. ఖాళీ చేయించమన్న కోర్టు ఆర్డరుని అమలు చేయనన్నందుకు షెరిఫ్ రిచర్డ్ హోంగిస్టో స్వయంగా 5 రోజులు జైల్లో ఉన్నాడు. చివరికి ఆయనే సమ్మెట పట్టుకుని తలుపులు పగలగొట్టించాడు. బయట దాదాపు 3 వేలమంది చేయీ చేయీ పట్టుకుని నిలబడినా ఆగలేదు. యాభై పైచిలుకు ముసలివాళ్లను తెల్లవారేలోపు వీధిలోకి తెచ్చేశారు.

ఆ స్థలంలో మళ్లీ ఇళ్లు వచ్చింది 2005లో. వృద్ధుల కోసం 104 యూనిట్లు, మంచి భవనం, కింద ఆ చరిత్ర చెప్పే గ్యాలరీ. నేను రెండుసార్లు వెళ్లాను. 1977కీ 2005కీ మధ్య 28 ఏళ్లు. ఆ రాత్రి గది పోగొట్టుకున్నవాళ్లలో చాలామంది ఈలోగానే చనిపోయారు. "పడగొట్టి కడదాం" అనే ప్రతివాళ్లకీ నేను చెప్పాలనుకునేది ఈ 28 ఏళ్ల గురించే. పడగొట్టడం ఒక రోజు పని. కట్టడానికి ఎన్నేళ్లు పడుతుందో ఎవరి చేతిలోనూ ఉండదు. ఈ మధ్యకాలమంతా ఆ మనిషి ఎక్కడుండాలి?

1975 నుంచి 1979 లోపల ఈ ఒక్క నగరంలో ఆరు వేలకు పైగా ఇలాంటి గదులు పోయాయి. కొన్ని కూలాయి, ఎక్కువ టూరిస్టు గదులయ్యాయి. 1979లో నగరం ముందు ఇలా కూల్చడం, మార్చడం మీద తాత్కాలికంగా ఆపుదల పెట్టింది, 1981లో శాశ్వత చట్టం చేసింది. దాని పద్ధతి నాకు ఎప్పుడు తల్చుకున్నా విచిత్రంగా ఉంటుంది. 1979 సెప్టెంబర్ 23న ఏ గదిలో స్థిరంగా ఉంటున్న మనిషి ఉన్నాడో ఆ గది నివాసపు గది. ఆ రోజు అందులో టూరిస్టు ఉంటే టూరిస్టు గది. అంతే, ఆ ముద్ర గదికి పడిపోతుంది. ఇక ఆ నివాసపు గదిని మార్చాలన్నా కూల్చాలన్నా గదికి గది కట్టివ్వాలి, లేదా బదులుగా నగరానికి డబ్బు కట్టాలి. 1990 సవరణతో ఆ డబ్బు కొత్త గదికయ్యే ఖర్చులో 80 శాతమైంది. ఏటా ఏ గదిలో ఎవరుంటున్నారో లెక్క అప్పజెప్పాలి.

ఆ చట్టం వల్లనే ఈ రోజుకీ దాదాపు 500 హోటళ్లలో 19 వేల గదులు మిగిలున్నాయి. టెండర్‌లాయిన్, చైనాటౌన్, సౌత్ ఆఫ్ మార్కెట్, మిషన్. అమెరికాలోని అతి ఖరీదైన నగరాల్లో ఒకదాని నడిబొడ్డున, బస్సు దిగి నడిచే దూరంలో, చేతిలో వెయ్యి డాలర్లు కూడా లేని ముసలివాళ్లు ఇంకా ఉండగలుగుతున్నారంటే ఈ ముద్ర చలవే. నేను పనిచేసే ఆఫీసు మార్కెట్ స్ట్రీట్ మీద. 2011లో ఇక్కడికి వచ్చే కంపెనీలకు నగరం పేరోల్ పన్ను రాయితీ ఇచ్చింది, ట్విటర్ వచ్చింది, మావంటివాళ్లం వెనకే వచ్చాం. అద్దెలు పెరిగాయి. చట్టమే లేకుంటే ఈ గదులన్నీ మా కోసమే మారిపోయేవి.

కౌంటర్ వెనక మనిషి

ఇంత చెప్పాక అవతలి పక్షం చెప్పకపోతే అన్యాయం. నా మొదటి సందేహం ఆ గుజరాతీ కుటుంబం గురించే.

ఈ ఊరి పాత హోటళ్లలోకి గుజరాతీలు 1940ల నుంచీ వస్తున్నారు. కాంజీ మంఛు దేశాయ్ అనే ఆయన ఇక్కడ ఒక హోటల్ లీజుకి తీసుకుని, ఊరినుంచి వచ్చిన ప్రతివాడికీ హోటలే తీసుకో అని చెప్పేవాడట. అమెరికాలో మోటెళ్ల వ్యాపారం గుజరాతీల చేతిలోకి వచ్చిన కథ మొదలైంది ఇలాంటి గదుల్లోంచే. నేనున్న హోటల్ యజమాని కుటుంబం కౌంటర్ వెనక రెండు గదుల్లో ఉండేది. వాళ్లమ్మాయి లాబీ సోఫాలో కూర్చుని హోంవర్క్ చేసుకునేది. అర్ధరాత్రి మూడో అంతస్తులో పైపు పగిలితే లేచి వెళ్లేది వాళ్ల నాన్నే. 1906 భూకంపం తర్వాత కట్టిన భవనాలివి. లిఫ్టు, వైరింగ్, పైపులు అన్నీ తాతలనాటివి. ఉన్నవాళ్ల అద్దె ఇష్టమొచ్చినట్టు పెంచడానికి లేదు, వాడకం ఊరికే మార్చడానికి లేదు.

శాన్‌ రీమో హోటల్ కేసు ఈ బాధ నుంచి పుట్టిందే. నార్త్ బీచ్‌లో 62 గదుల హోటల్. చట్టం వచ్చేటప్పటికి దాన్ని లీజుకి నడుపుతున్న మనిషి అన్నీ నివాసపు గదులేనని తప్పుగా రాసిచ్చేశాడు, ముద్ర పడిపోయింది. తర్వాత యజమానులు టూరిస్టు హోటల్‌గా మార్చుకుంటామంటే నగరం 5 లక్షల 67 వేల డాలర్లు కట్టమంది. వాళ్లు కోర్టుకెక్కారు. 2002లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు నగరం పక్షాన తీర్పిచ్చింది, ఏడుగురిలో ముగ్గురు విభేదించారు. 2005లో అమెరికా సుప్రీంకోర్టు, రాష్ట్ర కోర్టులో తేలినదాన్ని ఫెడరల్ కోర్టులో మళ్లీ తవ్వడానికి లేదంది. ఇల్లు లేనివాళ్ల భారం నగరం మొత్తం మోయాల్సిందని, దాన్ని తీసుకొచ్చి కొద్దిమంది హోటల్‌వాళ్ల నెత్తిన పెట్టారని యజమానులు వాదించారు. ఓడిపోయారు, కానీ ఆ వాదనలో న్యాయం లేదని నేను అనలేను.

ఇంకో లెక్క కూడా చేశాను. 5 లక్షల 67 వేలని 62 గదులతో భాగిస్తే గదికి 9 వేల చిల్లర. ఆ రోజుల్లో అయినా ఆ డబ్బుతో ఈ ఊళ్లో ఏ గది వస్తుంది? యజమానికేమో అది నడ్డి విరిచే మొత్తం, ఇల్లులేని మనిషికేమో అందులో తలుపు కూడా రాదు. షికాగో 2014లో చేసిన చట్టంలోనూ ఇదే చిక్కు. హోటల్ అమ్మేముందు 180 రోజులు, పేదల ఇళ్లుగానే ఉంచే కొనుగోలుదారు కోసం చూడాలి. అది ఇష్టం లేకపోతే గదికి 20 వేల డాలర్లు కట్టి బయటపడొచ్చు. ఆ ఆరు నెలల నిబంధన చాలా మంచిది. ఆ 20 వేల తలుపు మాత్రం తప్పు. డబ్బు కట్టి వదిలించుకునే దారి ఉన్నంతకాలం, నేల విలువ పెరిగినచోట అందరూ ఆ దారినే పోతారు. బదులు డబ్బు అనే మాటే ఈ చట్టాలన్నిటిలో నాకు మింగుడుపడనిది. గదికి బదులు గది కావాలి. డబ్బు గది కాదు.

రాత్రికి రాత్రి

న్యూయార్క్ కథ దీనికంటే బాధ కలిగిస్తుంది, ఎందుకంటే అక్కడ ఆలస్యం అయింది. 1955 నుంచి కొత్తగా ఇలాంటి ఒంటిగది భవనాలు కట్టడమే ఆ నగరం నిషేధించింది. 1970ల్లో ఉన్నవాటిని అపార్ట్‌మెంట్లుగా మార్చేవాళ్లకు పన్ను రాయితీలిచ్చింది. అంటే గదులు పోవడానికి ఖజానా నుంచే డబ్బిచ్చింది. లక్ష గదులకు పైగా పోయాయి. వీధుల్లో మనుషులు కనబడటం మొదలైంది. 1979లో రాబర్ట్ హేస్ అనే యువ లాయరు, బౌరీ వీధిలో బతికే రాబర్ట్ కాలహాన్ తదితరుల తరఫున కేసు వేశాడు. 1981లో నగరం దిగివచ్చి, అడిగిన మగవాళ్లందరికీ రాత్రి పడక ఇస్తానని ఒప్పుకుంది. కాలహాన్ ఆ ఒప్పందం చూడకుండానే వీధిలో చనిపోయాడు. ఆ తర్వాత పోగొట్టుకున్న గదుల అద్దెకు ఎన్నో రెట్లు పోసి నగరం షెల్టర్లు, వెల్ఫేర్ హోటళ్లు నడపాల్సి వచ్చింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని మనవాళ్లు ఊరికే అనలేదు.

1985 జనవరిలో కూల్చివేతల మీద ఆపుదల రాబోతోందని తెలిసి, అది అమల్లోకి వచ్చే కొద్ది గంటల ముందు, టైమ్స్ స్క్వేర్ పక్కన 44వ వీధిలో ఇలాంటి భవనాల్ని ఒక డెవలపర్ పర్మిట్లు లేకుండా రాత్రికి రాత్రి నేలమట్టం చేయించాడు. గ్యాస్ కనెక్షన్ కూడా తీయించలేదు. 20 లక్షల డాలర్లు కట్టి బయటపడ్డాడు. తర్వాత అదే చోట హోటల్ లేచింది.

1987లో నగరం అతి కఠినమైన చట్టం తెచ్చింది. ఐదేళ్లు కూల్చకూడదు, మార్చకూడదు, ఖాళీగా ఉంచకూడదు, ఖాళీ గదుల్ని బాగుచేసి అద్దెకు ఇచ్చి తీరాలి. లేదంటే గదికి 45 వేల డాలర్లు. రెండేళ్లకే, 1989లో, సీవాల్ అసోసియేట్స్ కేసులో రాష్ట్ర అత్యున్నత కోర్టు దాన్ని కొట్టేసింది. పరిహారం లేకుండా ఆస్తిని తీసుకోవడమే ఇది, యజమాని ఇంట్లోకి అపరిచితుణ్ణి బలవంతంగా తెచ్చి పెట్టడమే అంది. ఈ తీర్పు నాకు చాలాకాలం కోపం తెప్పించింది. ఇప్పుడు చదివితే అందులో ఒక హెచ్చరిక కనబడుతోంది. ముప్ఫై ఏళ్లు గదుల్ని పోగొట్టుకున్న నగరం ఆ లోటంతా మిగిలిన యజమానుల దగ్గర ఒక్కసారిగా వసూలు చేయబోయింది. అది నిలబడలేదు. నిలబడింది 1983లో చేసిన చిన్న నిబంధన: మార్పులకు పర్మిట్ కావాలంటే, గత 36 నెలల్లో అద్దెదారుల్ని వేధించలేదని నగరం నుంచి సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. మనిషిని తరిమి ఖాళీ చేయించిన భవనానికి పర్మిట్ దొరకదు. ఈ చిన్న కాగితం కాపాడినంతమందిని ఆ పెద్ద చట్టం కాపాడలేదని నా నమ్మకం. నా 27వ రోజులాంటివి లెక్కలోకి వచ్చేది ఇలాంటి కాగితంలోనే.

"నువ్వు ఉంటావా అందులో?"

నా స్నేహితుడు అడగలేదు గానీ అడిగితే నా దగ్గర జవాబు సిద్ధంగా లేని ప్రశ్న ఇది. మనిషికి బాత్రూమ్, వంటగది కూడా లేని గదిని ఒక హక్కులా కాపాడటం గౌరవమేనా? చైనాటౌన్‌లో ఒక్కో గదిలో తల్లి, తండ్రి, ఇద్దరు పిల్లలు ఉంటారు. బంక్ బెడ్ కింద బియ్యం బస్తా, పైన బడి పుస్తకాలు. ఆ కుటుంబానికి గది చాలదు, ఇల్లే కావాలి. దాన్ని కాదనే మాట నా నోట రాదు.

ఒంటరి మనిషి సంగతి వేరు. 2005లో నేను హైదరాబాద్ ఎస్‌ఆర్ నగర్‌లో హాస్టల్లో ఉండేవాణ్ణి. ఫోర్ షేరింగ్, కామన్ బాత్రూమ్, రాత్రికి సాంబారు, మజ్జిగ. అమీర్‌పేటలో కోర్సు చేసి ఉద్యోగం తెచ్చుకున్న మా తరం సగం ఆ మంచాల మీదినుంచే లేచింది. అక్కడ గౌరవానికి లోటేమీ అనిపించలేదు. లోటు ఎక్కడుందో 2020 మార్చిలో తెలిసింది. లాక్‌డౌన్ పెట్టిన ఆ వారం హాస్టళ్లు ఖాళీ చేయమన్నాయి. పిల్లలు బ్యాగులు వేసుకుని పోలీస్ స్టేషన్ల ముందు పాసుల కోసం వరస కట్టారు, ఆ పాసులు పట్టుకుని వెళ్లినవాళ్లు గరికపాడు చెక్‌పోస్టు దగ్గర రాష్ట్రం సరిహద్దులో ఆగిపోయారు. మా మేనల్లుడు వాళ్లలో ఉన్నాడు. రాత్రి పదకొండుకి "మామయ్యా, రోడ్డు మీదున్నాం" అని ఫోన్ చేశాడు. హాస్టళ్లు ఖాళీ చేయించొద్దని ప్రభుత్వం ఆ తర్వాత చెప్పింది, కానీ అప్పటికే వేలమంది రోడ్డెక్కారు. వాళ్లలో ఒక్కరి దగ్గరా, నన్నిలా పంపడానికి వీల్లేదు అని చూపించే కాగితం లేదు.

కాబట్టి గది చిన్నదవడం కంటే, గదిలో ఉన్నవాడికి నిలదొక్కుకునే హక్కు లేకపోవడం పెద్ద అవమానమని నేననుకుంటాను. ఓడ వంటాయనకి ఆ గది 19 ఏళ్ల ఇల్లు. ఆయన్ని ఊరి చివరి కొత్త స్టూడియోకి మార్చి పాత గది పడగొడితే ఆయనకి మేలు జరిగిందని ఎవరైనా అనొచ్చు. పొద్దున్నే కాఫీ తాగే చోటు, మందులిచ్చే క్లినిక్, పలకరించే నలుగురు, ఇవన్నీ ఆ ఎనిమిది వీధుల్లోనే ఉన్నాయి.

కుళ్లిపోతున్న గది

అన్నిటికంటే బరువైన అభ్యంతరం ఇది. కాపాడిన గదుల్లో మనుషులు చచ్చిపోతున్నారు. శాన్‌ఫ్రాన్సిస్కో నగరం డబ్బుతో నడిచే ఈ హోటళ్లలో 2020, 2021 రెండేళ్లలో కనీసం 166 మంది డ్రగ్స్ ఎక్కువై చనిపోయారని 2022లో ఒక స్థానిక పత్రిక లెక్కతీసి రాసింది. నల్లులు, ఎలుకలు, నెలల తరబడి పనిచేయని లిఫ్టులు. నాలుగో అంతస్తులో వీల్‌చెయిర్ మనిషి ఉండి లిఫ్టు ఆగిపోతే ఆ గది ఆయనకి జైలే.

యజమాని లాభం కోసం చూస్తాడు, స్వచ్ఛంద సంస్థకి ఇస్తే సరిపోతుందని నేను చాలాకాలం అనుకున్నాను. లాస్ ఏంజిల్స్‌లో స్కిడ్ రో హౌసింగ్ ట్రస్ట్ 1989 నుంచి అదే పనిచేసింది. పాత హోటళ్లు కొని, బాగుచేసి, అవార్డులొచ్చిన కొత్త భవనాలూ కట్టింది. 2023లో చేతులెత్తేసింది. 29 భవనాలు, దాదాపు 1,500 మంది అద్దెదారులు, కోర్టు నియమించిన రిసీవర్ చేతికి వెళ్లారు. అద్దెలు, సబ్సిడీలు నిర్వహణ ఖర్చుకి చాలలేదు. పాత చిన్న గదుల భవనాలే ఎక్కువ ముంచాయి, ఖాళీలు పెరిగిపోయాయి, బాత్రూమ్ లేని గది ఎవరూ వద్దంటున్నారు. ఈ వార్త చదివినప్పుడు నా నమ్మకం నిజంగానే కదిలింది. ఎవరూ కోరుకోని గదిని పట్టుకుని నేను వేలాడుతున్నానా అనిపించింది.

చాలా రోజులు ఆలోచించాను. ఇప్పుడు నాకు తోచేది ఇది. పాత భవనాన్ని పడగొట్టొద్దని నేను అనడం లేదు. కొన్ని పడగొట్టక తప్పదు. వరస మార్చమంటున్నాను. ముందు కొత్త గది కట్టాలి, అదే పేటలో, అదే అద్దెకి. దాని తాళంచెవి పాత గదిలో ఉన్న మనిషి చేతిలో పెట్టాలి. అప్పుడు పాత గోడ మీద దెబ్బ వేయాలి. బదులు డబ్బు కట్టి తప్పుకునే దారి మూసేయాలి. అలా చేస్తే ఖర్చు పెరుగుతుంది, ఒప్పుకుంటాను. ఆ ఖర్చు యజమాని ఒక్కడిదీ కాదు, శాన్ రీమో వాళ్ల వాదనలో సగం అక్కడ నేను తీసుకుంటాను. మా కంపెనీకి పేరోల్ పన్ను మాఫీ చేయగలిగిన నగరం లిఫ్టు బాగుచేయడానికి డబ్బు పెట్టగలదు. 1987 మెకిన్నీ చట్టంలో ఫెడరల్ ప్రభుత్వం ఇలాంటి గదుల్ని బాగుచేసేవాళ్లకు పదేళ్లు అద్దె సాయం ఇచ్చే పథకం పెట్టింది. పదేళ్లు సరిపోవు గానీ దారి అదే: బాగుచేయి, మనిషిని ఉంచు, అద్దె లోటు మేం భరిస్తాం.

రెండోది, కొత్త గదులు కట్టనివ్వాలి. పాతవాటిని కూల్చకూడదు, కొత్తవి కట్టకూడదు అని రెండు తాళాలు వేసి అరవై ఏళ్లు కూర్చున్నాక, మిగిలిన పాత గదులు కుళ్లక ఏమవుతాయి? సియాటిల్‌లో 2009 నుంచి చిన్న గదుల భవనాలు చకచకా లేచాయి, చుట్టుపక్కలవాళ్లు గొడవ చేశారు, 2014లో నగరం నిబంధనలు బిగించేసింది. పదేళ్లకు, 2024లో, వాషింగ్టన్ రాష్ట్రమే చట్టం చేసి, అపార్ట్‌మెంట్లు కట్టగలిగేచోట ఉమ్మడి వంటగదులతో ఒంటిగదుల భవనాల్నీ నగరాలు అనుమతించాల్సిందే అంది. ఇది చదివి నాకు సంతోషమైంది. ఎవరికి వారికి బాత్రూమ్, వసారా చివర వంటగది ఉన్న కొత్త గది ఉంటే ఓడ వంటాయన హాట్ ప్లేటు దాచుకునే పని ఉండేది కాదు.

ఏడు రోజులు

ఇంత రాశాక కూడా ఒక ముడి విప్పలేకపోయాను. శాన్‌ఫ్రాన్సిస్కో చట్టం ప్రకారం మొదట్లో నివాసపు గదిని కనీసం ఏడు రోజులకి ఇవ్వగలిగేవాళ్లు. దాన్ని అడ్డం పెట్టుకుని టూరిస్టులకి వారాల లెక్కన ఇస్తున్నారని, 2017లో ఆ ఏడుని 32 చేశారు. యజమానులు కోర్టుకెక్కారు, ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆ సంఖ్య సవరణలకీ తీర్పులకీ మధ్య నలిగింది. 32 అనడం వెనక ఉద్దేశం నాకు నచ్చుతుంది. నెలకి ఇచ్చిన గదిలో చేరినవాడు అద్దెదారుగా స్థిరపడతాడు, 27వ రోజు తిప్పడాలుండవు.

కానీ 2009లో నా జేబులో ఉన్నది రెండు వారాల డబ్బు.

పోయిన శుక్రవారం మధ్యాహ్నం ఆఫీసు నుంచి నడుచుకుంటూ ఆ హోటల్ దాకా వెళ్లాను. బోర్డు అదే, రంగు కొత్తది. కౌంటర్ వెనక ముప్ఫై ఏళ్ల అమ్మాయి. లాబీ సోఫాలో హోంవర్క్ చేసుకున్న పిల్లేనేమో, అడగలేదు. గది కావాలంటే ఎలా అని అడిగాను. నెలకే ఇస్తామంది, డిపాజిట్ ఎంతో చెప్పింది. వారానికి ఇవ్వరా అంటే తల అడ్డంగా ఊపింది. నా వెనక బ్యాక్‌ప్యాక్ వేసుకున్న కుర్రాడొకడు ఆ మాట విని, ఫోన్‌లో ఇంకో అడ్రస్ చూసుకుంటూ బయటికి వెళ్లిపోయాడు.